సెల్ఫ్ కొట్టారా?

"ఇప్పకపోతే బండి మంచిదే సార్. ఇప్పితేనే ఖరాబు."

హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దగ్గర బోర్డు లేని ఒక రేకుల షెడ్డులో, చేతులు డీజిల్‌తో కడుక్కుంటూ ఉస్తాద్ ఈ మాట అన్నాడు. అక్కడ పనిచేసే పిల్లలు ఆయన్ని ఉస్తాద్ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. జోకేమో అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, నేనేం చెప్తానో అని చూస్తూ నిలబడ్డాడు. ఇది 2023 చలికాలం సంగతి. ఆ మాటకి అప్పుడు ఏదో ఒక జవాబు చెప్పాను గానీ, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కథ అంతకు మూడేళ్ళ ముందు మొదలైంది. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఆ వాన గురించి నేను చెప్పక్కర్లేదు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెరిచి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు, జనం ఇంకా దాని మీద ఫోటోలు దిగుతూనే ఉన్నారు. కోవిడ్ వల్ల ఆఫీసులన్నీ మూతబడి, సైబర్ టవర్స్ నుంచి గచ్చిబౌలి దాకా రోడ్లు ఖాళీ. మా కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్ల సెల్లార్లు చాలామటుకు రాయిని పేల్చి తవ్వినవే. ఆ గ్రానైట్‌లో నీళ్ళు ఇంకవు. మోటారు పెట్టి తోడాల్సిందే, కరెంటు పోతే మోటారూ లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి కిందికి దిగేసరికి మోకాళ్ళ దాకా నీళ్ళు. బండిని ర్యాంప్ ఎక్కించి బయట పెట్టేద్దామనుకున్నాను. వాచ్‌మన్ వద్దన్నాడు. విన్లేదు. ర్యాంప్ మొదట్లోకి వచ్చేసరికి, ముందు కారు లేపిన అల బానెట్‌కి కొట్టింది. ఇంజిన్ ఒక్కసారి దగ్గినట్టు చేసి ఆగిపోయింది.

అప్పుడు సెల్ఫ్ కొట్టాను. తాళం తిప్పగానే "టక్" అంది, అంతే. మళ్ళీ కొట్టాను. ఈసారి కొంచెం మూలిగి ఆగింది. వాచ్‌మన్ అద్దం మీద అరచేత్తో కొడుతూ దిగమని సైగ చేశాడు. దిగాను.

ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ళ కోసం చిన్న లెక్క. నాది 1248 సీసీ డీజిల్ బండి, నాలుగు సిలిండర్లు. అంటే ఒక్కోదాంట్లో పిస్టన్ ఊడ్చే చోటు 312 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక దాని నెత్తిన మిగిలే చోటు ఇంచుమించు 19 మిల్లీలీటర్లే. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని ఆ ఇరుకులోకి పదిహేడో వంతుకి నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. గాలి నొక్కితే నొక్కబడుతుంది. నీళ్ళు నొక్కబడవు. కాబట్టి నాలుగు టీస్పూన్ల కంటే ఎక్కువ నీళ్ళు లోపలికి పోయాయంటే పిస్టన్‌కి పైకి పోయే దారి లేదు. కింద క్రాంక్ తిరుగుతోంది, పైన నీళ్ళు కదలనంటున్నాయి. మధ్యలో ఉన్నది కనెక్టింగ్ రాడ్. ఎవరో ఒకరు వంగాలి కదా, అది వంగుతుంది.

మర్నాడు టోయింగ్ చేసి ఒక గ్యారేజీకి పంపించాను. నాజిల్స్ విప్పి నీళ్ళు బయటికి కొట్టించారు, ఆయిల్ మార్చారు, ఫిల్టర్లు మార్చారు. స్టార్టయింది. ఊళ్ళో కార్లన్నీ వాళ్ళ గుమ్మంలోనే ఉన్నాయి, అంతకంటే చూసే తీరిక ఎవరికుంది!

వారం తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు. రోజుకి ఎన్ని బళ్ళు చూస్తున్నాడో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సీట్లు, కార్పెట్లు, వైరింగ్ ఫోటోలు తీసుకుని చివర్లో అడిగాడు: "ఆగాక నీళ్ళల్లో మళ్ళీ సెల్ఫ్ కొట్టారా?"

"లేదండీ" అన్నాను. ఫారంలో కూడా అలాగే రాశాను.

అలా అడగడానికి కారణముంది. మామూలు పాలసీలో వరద నష్టానికి డబ్బిస్తారు గానీ, వరద తర్వాత మనం చేసిన పనివల్ల ఇంజిన్ దెబ్బతింటే అది మన ఖాతాలోకే వస్తుంది. దానికి వేరే రక్షణ కొనుక్కోవాలి, నేను కొనలేదు. నిజానికి నేను ఇంజిన్‌కి క్లెయిమే చేయలేదు, సీట్లకీ వైరింగ్‌కీ మాత్రమే. "కొట్టాను" అని చెప్పినా ఆ డబ్బు వచ్చేదేమో. అయినా ఆ ప్రశ్నలోనే ఒక తప్పు దాగున్నట్టనిపించి, నోరు దానంతటదే లేదనేసింది. ఎవరికీ ఒక్క రూపాయి నష్టం చేయని అబద్ధం అని చాలాకాలం అనుకున్నాను.

తర్వాత రెండేళ్ళు వర్క్ ఫ్రమ్ హోమ్. బండి వారానికి ఒకసారి కూరగాయలకి వెళ్ళొచ్చేది. 2023లో మళ్ళీ రోజూ ఆఫీసుకి రమ్మన్నాక గమనించాను, పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లగా పొగ. రెండు మూడు నిమిషాలు, ఒక రకమైన వణుకు, ఆ తర్వాత అంతా మామూలే. చలికి అనుకున్నాను. అదే సమయంలో మా చిన్నాన్న కొడుకు సూర్యాపేట నుంచి ఫోన్ చేశాడు. బడిపంతులు, ఇద్దరు చిన్నపిల్లలు. "అన్నా, నువ్వు బండి అమ్ముతున్నవంట గదా. నేను తీస్కుంట."

"వచ్చి చూస్కో రా, మెకానిక్‌ని తెచ్చుకో" అన్నాను.

"నువ్వు నడిపిన బండికి నేను చూసేదేమున్నదన్నా."

ఆ ఫోన్ పెట్టేశాక నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెప్పుకోవాలి. వీడికి కాకుండా యాప్‌లో అమ్మేస్తే బాగుండు అని. అప్పటిదాకా బండికి ఏమీ లేదనుకుంటున్నవాణ్ణి, తమ్ముడు కొంటాననగానే పరాయివాడు కొంటే బాగుండనుకున్నాను. అంటే లోపల ఎక్కడో నాకు తెలుసన్నమాట. నాకు తెలుసని నాకే తెలియడానికి తమ్ముడి ఫోన్ కావలసి వచ్చింది. పరాయివాడికైతే ఫర్వాలేదనుకోవడం ఇంకో సిగ్గుమాలిన సంగతి. వాడికి మాత్రం పిల్లలుండరా, వాడు మాత్రం 65వ నంబరు హైవే మీద వంద మీద పోడా!

ఉస్తాద్ దగ్గరికి అలా వెళ్ళాను.

మొదట స్కానర్ పెట్టాడు. ఒక్క ఎర్రర్ కూడా లేదు. నా ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం. లాగ్‌లో ఎర్రర్ లేకపోతే మేం టికెట్ మూసేసి ఇంటికి పోతాం. "మరింకేం!" అన్నాను సంబరంగా. ఆయన నావైపు జాలిగా చూశాడు. రాడ్ వంగిందో లేదో చెప్పే సెన్సర్ ఏ బండిలోనూ ఉండదట. ఏదేది చెడుతుందని ముందే ఊహించారో అక్కడే సెన్సర్ పెడతారు, మిగతాదంతా స్కానర్‌కి ఆరోగ్యమే. ఈ మాట మా ఆఫీసులో గోడమీద రాయించాలి.

పొగ చూసి జబ్బు చెప్పడం పాత విద్యే. నీలం పొగైతే ఇంజినాయిల్ కాలుతోంది. నల్లపొగైతే డీజిల్ ఎక్కువై గాలి చాలట్లేదు. తెల్లపొగైతే అంటుకోని డీజిల్ ఆవిరిగా పోతోంది, లేదంటే రేడియేటర్ నీళ్ళు లోపలికి వస్తున్నాయి. మన తర్కశాస్త్రంలో అనుమాన ప్రమాణం నేర్చుకునే పిల్లవాడికి మొదట చెప్పేది కూడా పొగే: కొండ మీద పొగ, కాబట్టి నిప్పు. తెలుగువాడని చెప్పుకునే అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీన్ని తిరగేసి కూడా చూపిస్తాడు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనుకోవడం తప్పు, తడికట్టె తోడైతేనే పొగ. గ్యారేజీలో తర్కం ఇంకో మెట్టు తిరుగుతుంది. ఇక్కడ పొగ ఉందంటే నిప్పు సరిగ్గా రాజుకోలేదని.

ఎందుకు రాజుకోలేదన్నది అసలు ప్రశ్న. కంప్రెషన్ గేజ్ పెట్టాడు. మూడు సిలిండర్లలో 400 పి.ఎస్.ఐ. దగ్గర్లో, రెండోదాంట్లో 320. రింగులు అరిగినా, వాల్వులు కూర్చోకపోయినా, హెడ్ గ్యాస్కెట్ పోయినా ఒత్తిడి తగ్గుతుంది. మామూలుగా మెకానిక్‌లు ఇక్కడే ఏదో ఒక పేరు చెప్పి విప్పేస్తారు. ఈయన విప్పలేదు. పిస్టన్‌ని పైకి తెచ్చి నిలబెట్టి, నాజిల్ కన్నంలోంచి కంప్రెసర్ గాలి పట్టించి, వినడం మొదలుపెట్టాడు. ఆయిల్ పోసే మూత తీసి చెవి పెట్టాడు. అక్కడ బుస్సుమంటే రింగులు. ఎయిర్ ఫిల్టర్ పైపు దగ్గర చెవి, సైలెన్సర్ దగ్గర చెవి, అవి వాల్వుల కోసం. రేడియేటర్లో బుడగలొస్తున్నాయేమో చూశాడు, అది గ్యాస్కెట్ కోసం. పిల్లలందరినీ నోరు మూసుకోమన్నాడు. పక్క వీధిలో బోరు వేస్తుంటే అది ఆగేదాకా పది నిమిషాలు కూర్చున్నాం.

గాలి ఎటూ పోవడం లేదు. కారట్లేదు, అయినా ఒత్తిడి లేదు.

"అంటే?" అన్నాను.

"కుండకు చిల్లి లేదు సార్. మూత కిందికి రావాల్నా, అడుగు పైకి రావాల్నా? అడుగు పైకి వస్తలేదు." నా మొహం చూసి ఇంకో మాట చేర్చాడు. "నీళ్ళల్ల ఆగింది గదా ఎప్పుడన్న?"

ఇంటికెళ్ళి లెక్కేశాను. రాడ్ వంగి పిస్టన్ ఒక్క మిల్లీమీటర్ తక్కువ ఎత్తుకి వస్తే పైన చోటు దాదాపు 4 సీసీ పెరుగుతుంది. పదిహేడో వంతుకి నొక్కాల్సిన గాలి పద్నాలుగున్నరో వంతు దగ్గరే ఆగిపోతుంది. చల్లటి పొద్దున డీజిల్ అంటుకోవడానికి ఆ వేడి చాలదు. ఇంజిన్ వేడెక్కాక చాలుతుంది. మూడు నిమిషాల పొగ, తర్వాత ఏమీ లేనట్టు ఉండటం, అన్నీ అందులో ఇమిడిపోయాయి. ఒక్క మిల్లీమీటర్.

ఇదంతా తేలాకే ఉస్తాద్ ఆ మాట అన్నది, ఇప్పకపోతే బండి మంచిదే అని. అందులో మోసం చేయమన్న సలహా లేదు, ఉన్న పరిస్థితి చెప్పాడంతే. ఇంజిన్ విప్పడమంటే పెట్టె మూత తీసి చూసి మళ్ళీ పెట్టడం కాదు. గ్యాస్కెట్ ఒకసారి తీశాక పనికిరాదు. ఈ కాలపు ఇంజిన్లలో హెడ్ బోల్టులు చాలామటుకు సాగేలా బిగిస్తారు, విప్పితే కొత్తవి వేయాల్సిందే. చాంబర్ దించాలి, చైన్ విప్పి మళ్ళీ టైమింగ్ కూర్చాలి. ఇరవై, పాతిక వేలు చూడటానికే అవుతాయి. చూశాక చూడనట్టు బిగించడం కుదరదు కాబట్టి మిగతా ఖర్చు దాని వెంటే వస్తుంది. విప్పకపోతేనో? యాప్‌లవాళ్ళు వందల పాయింట్లు తనిఖీ చేస్తామంటారు, అందులో ఒక్కటి కూడా ఇంజిన్ కడుపులో ఉండదు. మధ్యాహ్నం, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చూపిస్తే సరి. "నాకు తెలిసి ఏ ప్రాబ్లమూ లేదు" అని చెప్పొచ్చు. విప్పలేదు కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

ఇలాంటి మనిషి గురించి విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితశాస్త్రవేత్త 1877లో ఒక వ్యాసం అచ్చువేశాడు. ఒక ఓడ యజమాని. ఓడ పాతది, మరమ్మతులు చాలాసార్లు జరిగాయి. వలసపోయే కుటుంబాలతో బయల్దేరబోతోంది. పూర్తిగా విప్పి చూపిస్తే మంచిదని అతనికి అనిపించింది, కానీ ఖర్చు. ఇన్నిసార్లు వెళ్ళొచ్చింది కదా, దేవుడున్నాడు కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. చివరికి నిజంగానే నమ్మాడు. ఓడ నడిసముద్రంలో మునిగిపోయింది, ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది. అతని నమ్మకం నిజాయితీగలదే అయినా, తన ముందున్న సాక్ష్యాన్ని బట్టి అలా నమ్మే హక్కు అతనికి లేదంటాడు క్లిఫర్డ్. ఓడ మునగకుండా క్షేమంగా చేరినా దోషం అంతే అంటాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు కొంచెం చిరాకు వచ్చేది. లోకంలో అన్నీ విప్పి చూస్తూ కూర్చుంటే ఎవడు ఏ పని చేస్తాడు? క్లిఫర్డ్‌కి జవాబుగా విలియం జేమ్స్ రాసిన వాదన నాకు నచ్చేది, కొన్నిచోట్ల సాక్ష్యం కోసం ఆగడమే నష్టం అని. ఎముకల్లో ఏమైనా ఉందేమోనని ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి కోసి చూడం. పనిచేస్తున్న కోడ్‌ని ముట్టుకోవద్దనేది మా వృత్తిలో మొదటి సూత్రం. అయినా నేను క్లిఫర్డ్ వైపే ఒరగాల్సి వచ్చింది. అతని ఓడ యజమానికి అనుమానం మాత్రమే ఉంది. నాకు అనుమానానికి కారణం కూడా తెలుసు. ఆ రాత్రి తాళం తిప్పిన చెయ్యి నాదే.

ఇక్కడే నా పాత అబద్ధం సంగతి అర్థమైంది. ఎవరికీ నష్టం లేదనుకున్నానే, దాని పని అది చేసింది. 2020లో నీళ్ళు తీసిన గ్యారేజీవాళ్ళు కూడా అదే ప్రశ్న అడిగారు. సర్వేయర్‌కి లేదన్నాను కాబట్టి వాళ్ళకీ లేదనే చెప్పాను, కాగితాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతాయి కదా. కొట్టానని చెప్పి ఉంటే కంప్రెషన్ చూసేవాళ్ళేమో. ఆ తర్వాత ఏ సర్వీసులోనూ ఇది నోరు తెరిచి అడగలేకపోయాను. సెల్ఫ్ కొట్టనివాడికి కంప్రెషన్ టెస్ట్ ఎందుకు? ఇంకొకరి నుంచి దాచడానికి మూసిన తలుపు నా మొహం మీద కూడా మూసుకుంది. మూడేళ్ళలో ఎప్పుడూ ఆ రాత్రి గురించి ఆలోచించలేదంటే నమ్మరు గానీ, నిజంగానే ఆలోచించలేదు. చెప్పిన అబద్ధాన్ని నేనే నమ్మానని కాదు. దాని పక్కకి వెళ్ళడం మానేశానంతే.

"ఇప్పండి" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత రమ్మన్నాడు. హెడ్ తీసేసి ఉంది. మూడు బోర్లలో పైఅంచుకి దగ్గరగా మసి గీత ఒకే ఎత్తులో, గిరిగీసినట్టు ఉంది. రెండోదాంట్లో అది కొంచెం కిందికి ఉంది. పిస్టన్ ఎక్కడిదాకా వచ్చిందో మూడేళ్ళుగా అది గోడ మీద రాసిపెడుతూనే ఉంది. డయల్ గేజ్ పెట్టి చూపించాడు, మిల్లీమీటర్ కంటే కాస్త ఎక్కువ. పిస్టన్ బయటికి తీశాక మిగతాది కనిపించింది. రాడ్ వంగడం వల్ల పిస్టన్ నిటారుగా కాక ఒక పక్కకి ఒరిగి నడిచింది. ఒకవైపు పైన, రెండోవైపు కింద రాసుకుని మెరుస్తోంది. బేరింగ్ షెల్ కూడా ఒక అంచున తినేసింది. రాడ్‌ని అద్దం మీద పెడితే తప్ప వంపు కంటికి ఆనలేదు.

"ఇంకెంత కాలం పోయేది?" అని అడిగాను.

"పదేండ్లు పోతుండె కావొచ్చు. రేపే పోతుండె కావొచ్చు."

ఇనుముకి అలసట ఉందని తెలిసి నూట యాభై ఏళ్ళు దాటింది. జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరీక్షించి చూపించాడు. ఒక్కసారికి ఏమీ చేయని బరువు లక్షలసార్లు పడితే విరిచేస్తుంది. గంటసేపు హైవే మీద 2000 ఆర్‌పీఎంలో పోతే రాడ్ 1,20,000 చుట్లు తిరుగుతుంది. వంగినది ప్రతి చుట్టులోనూ ఇంకాస్త వంగబోతుంది. విరిగితే బ్లాక్‌ని పొడుచుకుని బయటికొస్తుంది, ఆయిల్ రోడ్డు మీద పోస్తుంది. లారీల మధ్య, కుడి లేన్‌లో.

చవకలో అయిపోయే దారి కూడా చెప్పాడు. బాలానగర్‌లో ప్రెస్సు మీద పెట్టి రాడ్‌ని నిలబెట్టేవాళ్ళున్నారు. నేను ఏదో అనేలోపే ఆయనే, "మీరే తోలేటట్టుంటే చేయిస్తుంటి. ఇంకొకలకి ఇచ్చేదుంటే చెయ్య" అన్నాడు. ఇది నాకు తలకిందుగా అనిపించింది, నా ప్రాణం చవకా అని. కానీ ఆయన లెక్క వేరు. నాకు తెలిసి ఎక్కుతాను. అవతలివాడు తెలియక ఎక్కుతాడు. కొత్త రాడ్ తెప్పించాడు. మిగతా మూడింటినీ ఒక్కొక్కటే దారానికి వేలాడదీసి చిన్న స్పానర్‌తో కొట్టి విన్నాడు, సంతలో కుండ కొనేముందు వేలితో కొట్టి చూసినట్టు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. మూడూ ఖంగుమన్నాయి.

అడగాల్సింది ఒకటి మిగిలిపోయింది. "ఉస్తాద్, ఇది బండి ఆగినప్పుడే వంగిందా, నేను తర్వాత సెల్ఫ్ కొట్టినప్పుడు వంగిందా?"

ఆయన రాడ్ అటూ ఇటూ తిప్పాడు. "వంగింది సార్. ఎప్పుడు వంగిందో రాసుండదు."

అంతా విప్పినా తేలనిది అదొక్కటే. మొదటి దెబ్బకే వంగి ఉంటే నా సెల్ఫ్‌తో సంబంధం లేదు, నా అబద్ధం అవసరమే లేని అబద్ధం. సెల్ఫ్‌కే వంగి ఉంటే చేసింది నేను. ఇన్సూరెన్స్‌వాళ్ళకి ఈ తేడా వేలరూపాయల తేడా. నాకు ఎంత తేడానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బిల్లు 62 వేలయింది. అంతకు ముందు అనుకున్న ధరలో అది కలపాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు చర్చ. మా ఆవిడ కలపాలనే అంది, ఇప్పుడది ఇంచుమించు కొత్త ఇంజిన్ కదా అని. నేను కలపలేదు. గొప్పకి కాదు, ధర పెంచితే ఎందుకని అడుగుతాడు, అప్పుడు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక.

తమ్ముడు ఆదివారం పొద్దున వచ్చాడు. రాడ్‌ని పేపర్లో చుట్టి డిక్కీలో పెట్టాను. విప్పి చేతిలో పెట్టి అంతా చెప్పాను, సెల్లార్, పొగ, గాలి పట్టించడం. వాడు రాడ్‌ని కంటికి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు, బళ్ళో స్కేలు వంకర ఉందేమో చూసినట్టు.

"ఏం వంకర కొడ్తలేదే" అన్నాడు. "నీళ్ళల్ల ఆగినంక మళ్ళ సెల్ఫ్ కొట్టినవా?"

"కొట్టిన. రెండుసార్లు."

"రెండుసార్లేనా?"

వాచ్‌మన్ అద్దం మీద కొడుతున్న చప్పుడు గుర్తొచ్చింది. ఆ చప్పుడు వినిపిస్తుండగా నా చెయ్యి తాళం మీద ఉందా, అప్పటికే తీసేశానా అని ఆలోచిస్తున్నాను. వాడు రాడ్ మళ్ళీ పేపర్లో చుట్టి నాకిచ్చి, తాళాలు అడిగాడు.